బరువు తగ్గే ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు: అన్నం, కండ, సోమవారం ఉపవాసం

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు 158 సెం.మీ., బరువు 88 కిలోలు. ఆరేళ్లుగా షుగరు, నాలుగేళ్లుగా బీపీ. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర రెండు పూటలా, టెల్మిసార్టన్ 40 ఒకటి వేసుకుంటాను. థైరాయిడ్ తక్కువగా ఉందని పొద్దున్నే 50 మైక్రోగ్రాముల మాత్ర కూడా ఉంది. మోకాళ్ల నొప్పులు. మూడు నెలల షుగరు 8.1 వచ్చింది. డాక్టరుగారు వారానికోసారి వేసుకునే మౌంజారో ఇంజెక్షన్ 2.5 మి.గ్రా. మొదలుపెట్టమని రాశారు. అన్నం పూర్తిగా మానేయాలా? ఇది వేసుకుంటే నడక అక్కర్లేదని మా వీధిలో ఒకావిడ అంటున్నారు. ఆవిడకు షుగరు లేదు, నెలన్నరలో ఆరు కిలోలు తగ్గారు. రోజంతా పళ్లు, కొబ్బరినీళ్లే తీసుకుంటారు. థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఈ ఇంజెక్షన్ పడదని ఇంకొకరు భయపెట్టారు. కార్తీకమాసంలో సోమవారాలు ఉపవాసం ఉంటాను, ఉండొచ్చా? మా పిన్ని కూతురు (29 ఏళ్లు, 160 సెం.మీ., 66 కిలోలు) 5 మి.గ్రా. వయల్ (మందు సీసా) కొని చెరి సగం వేసుకుందాం, డబ్బు కలిసొస్తుంది అంటోంది. మానేస్తే బరువు మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు అడగని విషయంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే తొందర దానికే ఎక్కువ. మీ మాత్రలో ఉన్న గ్లిమెపిరైడ్ మీరు తిన్నారా లేదా అని చూడదు, క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి తెస్తూనే ఉంటుంది. ఇంజెక్షన్ మొదలయ్యాక మీరు తినేది బాగా తగ్గిపోతుంది. ఈ రెండూ కలిస్తే షుగరు 70 కంటే కిందికి జారే ప్రమాదం ఉంది. మౌంజారో ఒక్కటే అయితే ఈ ప్రమాదం తక్కువ, గ్లిమెపిరైడో ఇన్సులినో తోడైనప్పుడే చిక్కు. అందుకని మొదటి ఇంజెక్షన్‌కు ముందే డాక్టరుగారిని సూటిగా అడగండి: గ్లిమెపిరైడ్ తగ్గించాలా, ఆపేయాలా? మీది కలిపిన మాత్ర కాబట్టి, ఆపాలంటే మెట్‌ఫార్మిన్ విడిగా రాయించుకోవాలి. ఇంట్లో మీరే సగానికి విరవొద్దు. ఇలాంటి మాత్రల్లో చాలావాటిలో మెట్‌ఫార్మిన్ నెమ్మదిగా కరిగేలా తయారుచేస్తారు, విరిస్తే ఆ ఏర్పాటు పోతుంది.

చెమటలు పట్టి, చేతులు వణికి, గుండె దడగా ఉంటే గ్లూకోమీటరుతో చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు పొడి, అంటే సుమారు 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. పెరగకపోతే మళ్లీ అంతే తాగండి. బిస్కెట్లు, అరటిపండు ఇక్కడ పనికిరావు. ఈ మందు మీద కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, వాటిలోని చక్కెర రక్తంలోకి చేరడానికి ఆలస్యమవుతుంది.

థైరాయిడ్ భయం సంగతి. ఈ మందు పెట్టె మీద థైరాయిడ్ గురించి హెచ్చరిక ఉన్న మాట నిజమే, కానీ అది మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే అరుదైన జబ్బు గురించి. మీకుగానీ మీ రక్తసంబంధీకులకుగానీ అది ఉంటే, లేదా మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉంటే ఇంజెక్షన్ వేసుకోకూడదు. మీకున్నది థైరాయిడ్ హార్మోను తక్కువ కావడం. దానికి అడ్డేమీ లేదు. బరువు తగ్గేకొద్దీ 50 మాత్ర మోతాదు ఎక్కువైపోవచ్చు, కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చూపించుకుంటే చాలు. క్లోమం వాపు ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం అది డాక్టరుగారికి చెప్పి తీరాలి. పిత్తాశయంలో రాళ్లున్నాయని తెలిసినా చెప్పండి.

ఇక పిన్ని కూతురి లెక్క. 2025 మార్చిలో ఈ మందు మన దేశంలోకి వచ్చినప్పుడు 2.5 వయల్ ధర 3,500 రూపాయలు, 5 వయల్ ధర 4,375. పెద్ద వయల్ చెరి సగం చేస్తే మనిషికి రెండువేల రెండొందలు కూడా పడదు. కూడికలు, తీసివేతల ప్రకారం అమ్మాయి తెలివైనదే. కానీ ఆ వయల్ ఒక్క డోసు కోసం చేసింది, అందులో క్రిములు పెరగకుండా ఆపే మందు ఉండదు. రబ్బరు మూతలో ఒకసారి సూది దిగాక మిగిలింది పారెయ్యాల్సిందే. ఇంజెక్షన్ పెన్ను పంచుకోవడం ఇంకా ప్రమాదం. సూది మార్చినా లోపలి గొట్టంలోకి ఒకరి రక్తం వెనక్కి వెళ్లొచ్చు, హెపటైటిస్ ఇలా కూడా అంటుకోవచ్చు. అదీగాక ఆ అమ్మాయి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే లెక్క) 25.8. బరువు తగ్గడానికి ఈ మందుకు ఇక్కడ అనుమతి ఉన్నది బీఎంఐ 30, ఆపైన ఉన్నవారికి, లేదా 27, ఆపైన ఉండి షుగరు, బీపీ వంటి జబ్బు ఉన్నవారికి. మీది 35.3, రెండు జబ్బులూ ఉన్నాయి. మీకు రాసిచ్చిన చీటీ ఆమెకు పనికిరాదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఇంకో చిక్కు. మౌంజారో మొదలుపెట్టిన నాలుగు వారాలు, మోతాదు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు ఆ మాత్రల మీద భరోసా ఉండదు, కండోమ్ వంటి అదనపు జాగ్రత్త కావాలి.

వయల్ వాడేటప్పుడు ఎక్కువమంది పొరపాటు పడేది సిరంజి దగ్గరే. మౌంజారో వయల్‌లో ఏ మోతాదైనా మందు 0.5 మి.లీ. ఉంటుంది, మొత్తం తీసుకోవాలి. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు దొరుకుతాయి. ఎర్ర మూతది యూ-40, నారింజ మూతది యూ-100. అర మి.లీ. అంటే ఎర్రదాంట్లో 20 అంకె ఉన్న గీత దాకా, నారింజదాంట్లో 50 అంకె ఉన్న గీత దాకా. ‘20 దాకా తియ్యి’ అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని నారింజ సిరంజిలో 20 దాకా తీస్తే మీకు పడేది 0.2 మి.లీ., అంటే 2.5కు బదులు 1 మి.గ్రా. ‘ఇంజెక్షన్ పనిచెయ్యట్లేదు’ అనేవాళ్ల సిరంజి ఒకసారి చూడాలి. మి.లీ.లు అచ్చేసి ఉన్న 1 మి.లీ. సిరంజి కొనుక్కుంటే ఈ గొడవే ఉండదు. బొడ్డుకు రెండంగుళాల దూరంలో పొట్ట మీద, లేదా తొడ ముందు భాగంలో వేసుకోండి. వారం వారం చోటు మార్చండి. వయల్‌ను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్ గోడకు ఆనకూడదు. ఒకసారి గడ్డకడితే కరిగాక కూడా పనికిరాదు. 30 డిగ్రీల లోపైతే 21 రోజులు బయట ఉండగలదు, కానీ మే నెలలో మన ఇళ్లలో 30 డిగ్రీల గది ఎక్కడిది? షాపు నుంచి తెచ్చేటప్పుడు ఐస్ ప్యాక్‌కు గుడ్డ చుట్టి, మందు ఐసుకు నేరుగా తగలకుండా తెచ్చుకోండి.

ఇప్పుడు అన్నం. మానక్కర్లేదు. మార్చాల్సింది కంచంలో వరుస. మందు వేసుకున్నాక నాలుగైదు ముద్దలకే కడుపు నిండినట్టుంటుంది. మొదటి నాలుగు ముద్దలూ పప్పన్నం, చారన్నం అయితే చేపముక్క, గుడ్డు, పెరుగు అన్నీ కంచంలోనే మిగిలిపోతాయి. రోజుకు 40 గ్రాముల ప్రొటీన్ కూడా లోపలికి వెళ్లదు. అప్పుడు ఒంట్లోంచి పోయే కిలోల్లో కండ వాటా పెరుగుతుంది. మామూలుగానే ఈ మందుతో తగ్గే బరువులో సుమారు పావు వంతు కొవ్వు కాదని అధ్యయనాల్లో తేలింది. మీరు 12 కిలోలు తగ్గితే అందులో మూడు కిలోలు అలాంటివే. తిండిని గాలికొదిలేస్తే ఇంకా ఎక్కువ పోతుంది. మీ వీధిలో ఆవిడ పళ్లు, కొబ్బరినీళ్ల మీద తగ్గిన ఆరు కిలోల్లో కండ ఎంతో, నీరు ఎంతో కాటా చెప్పదు. మీకైతే పళ్లరసాలు, కొబ్బరినీళ్లు షుగరును కూడా పెంచుతాయి.

మీ ఎత్తుకు రోజుకు 70 గ్రాముల ప్రొటీన్ లక్ష్యంగా పెట్టుకోండి. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువ ఉంటే మాత్రం ఈ అంకె డాక్టరుగారు చెప్పాలి. 70 గ్రాములంటే ఎంతో కంచంలోనే చూద్దాం. పొద్దున 50 గ్రాముల పెసలు నానబెట్టి రుబ్బితే రెండు పెసరట్లు, 12 గ్రాములు. ఉప్మా లేకుండా, నూనె చెంచాడు. పక్కన ఒక ఉడికించిన గుడ్డు, 6. మధ్యాహ్నం వంద గ్రాముల చేపగానీ కోడిమాంసంగానీ, పులుసులో అయినా సరే, 20 చిల్లర. పాలకూర పప్పు ఒక గిన్నెడు, అందులో 30 గ్రాముల కందిపప్పు పడుతుంది, 6 నుంచి 7. సాయంత్రం గుప్పెడు శనగలు, ఎండువి 30 గ్రాములు నానబెట్టి ఉడికించినవి, 6. రాత్రి 75 గ్రాముల పనీర్ కూర, ఒక పుల్కా, చిన్న గిన్నెడు పెరుగు, ఇవన్నీ కలిపి 20 వరకు. మొత్తం 70 దాటింది. ఇందులో అన్నం మధ్యాహ్నం ఒక కప్పు, వండినది 150 గ్రాములు. ముందు చేపముక్క, తర్వాత కూర, ఆ తర్వాతే అన్నం. అన్నంలో కూర కలుపుకోవడం కాదు, కూరలో అన్నం కలుపుకోండి. కంచం చివర ఏదైనా మిగిలితే అది అన్నమే అయ్యుండాలి. కార్తీకంలో చేప, గుడ్డు మానేస్తారు కాబట్టి మీల్‌మేకర్ గుర్తుపెట్టుకోండి: ఎండువి 30 గ్రాముల్లో 15 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మాంసం మానేసిన నెలకు ఇంతకంటే చవకైన దారి లేదు.

వికారం మొదటి వారాల్లోనూ, మోతాదు పెంచిన వారంలోనూ ఎక్కువ. కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి నూనె, కొవ్వు ఉన్నవి గంటలకొద్దీ అందులోనే ఉంటాయి. రాత్రి తొమ్మిదిన్నరకు బిర్యానీ తిని పదింటికి పడుకుంటే తెల్లవారుజామున కుళ్లిన గుడ్డు వాసన త్రేన్పులు, వాంతి. తప్పు మందుది కాదు, గడియారానిది. రాత్రి భోజనం ఏడున్నర, ఎనిమిదిలోపు ముగించండి. గారెలు, పూరీ, మిరపకాయ బజ్జీ ఇంజెక్షన్ వేసుకున్న మూడు రోజులూ వద్దు. ఆవకాయ ముట్టుకోవద్దనడం కష్టమే, గుండెల్లో మంట ఉంటే మాత్రం పక్కన పెట్టాలి. ‘ఇంకొక్క ముద్ద’ అని ఎవరు బతిమాలినా, నిండింది అనిపించిన చోట చెయ్యి కడుక్కోండి. పెళ్లిభోజనాల్లో ఇది మందుకన్నా కష్టం. మలబద్ధకానికి రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు, రెండు పూటలా ఆకుకూరో బీరకాయో, అప్పటికీ కదలకపోతే రాత్రి చెంచాడు ఇసబ్గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో. నీళ్లు తగ్గించి ఇసబ్గోల్ వేసుకుంటే ఉన్నది ఇంకా గట్టిపడుతుంది.

రోజంతా వాంతులై నీళ్లు కూడా నిలవకపోతే టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ ఆ రోజుకు ఆపాలా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఒళ్లు ఎండిపోయినప్పుడు టెల్మిసార్టన్ కిడ్నీ మీద భారం పెంచుతుంది, కిడ్నీ మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుంటుంది. పొట్ట పైభాగంలో తగ్గని తీవ్రమైన నొప్పి వచ్చి వెన్నులోకి పాకుతుంటే మజ్జిగ తాగి చూద్దాం అనుకోకండి, అది క్లోమం వాపు కావచ్చు, నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. కుడివైపు డొక్క కింద నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం పిత్తాశయంలో రాళ్ల గుర్తులు. బరువు వేగంగా తగ్గేవారిలో అవి ఎక్కువగా ఏర్పడతాయి. మొదటి రెండు నెలలు దాటాక కూడా వారానికి కిలోకు మించి తగ్గుతూ ఉంటే దాన్ని విజయంగా కాక, మోతాదు ఎక్కువైందేమో చూడాల్సిన విషయంగా తీసుకోండి. మూడో నెల ప్రాంతంలో జుట్టు రాలడం చాలామందిని బెదరగొడుతుంది. వేగంగా బరువు తగ్గినందుకు వచ్చేదే అది, సాధారణంగా కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే ఇంకా లాగుతుంది.

నడక అక్కర్లేదన్న మాట తప్పు. షుగరు ఉన్నవారి మీద ఈ మందుతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. 72 వారాల్లో 10 మి.గ్రా. వాడినవారు సగటున 12.8 శాతం, 15 వాడినవారు 14.7 శాతం బరువు తగ్గారు. షుగరు లేనివారి మీద 2022లో వచ్చిన ఫలితాల్లో 15 మి.గ్రా.తో అది 20.9 శాతం. షుగరు ఉంటే తగ్గడం కొంచెం తక్కువే ఉంటుంది, కాబట్టి వీధిలో ఆవిడతో పోల్చుకుని కుంగిపోకండి. మీ 88 కిలోలకు ఏడాదిన్నరలో 11 నుంచి 13 కిలోలు ఆశించడం న్యాయం. ఆ రెండు పరీక్షల్లోనూ అందరికీ తిండి తగ్గించమనీ, వారానికి 150 నిమిషాలు ఒంటిని కదిలించమనీ సలహా ఇచ్చారు. ఆ అంకెలు ఇంజెక్షన్ ఒక్కదాని అంకెలు కావు.

కానీ మీకు నడక ఒక్కటే చాలదు. నడకతో గుండెకు, షుగరుకు మేలు, కండ నిలవడానికి మాత్రం బరువు పని కావాలి. మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి కుర్చీతో మొదలుపెట్టండి. చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని, లేచి కూర్చోండి. పదిసార్లు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ పది, ఆపైన ఇంకో పది. మోకాలు నొప్పిపెడితే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. గోడకు ఎదురుగా నిలబడి గోడ దండీలు పది. రెండు లీటరు సీసాల్లో నీళ్లు నింపితే ఒక్కోటి కిలో, వాటిని భుజాల పైకి ఎత్తడం పన్నెండుసార్లు. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. పది తేలికైనప్పుడు దిండు తీసేయండి, తర్వాత సీసాలు పట్టుకుని లేవండి. బరువు పెంచకుండా అవే పది ఏడాదంతా చేస్తే కండకు కొత్తగా పని పడదు. నెలకోసారి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో క్యాలెండరు మీద రాసుకోండి. కాటా తగ్గుతూ ఆ అంకె కూడా తగ్గుతుంటే పోతున్నది కండ. బొడ్డు దగ్గర నడుము కొలత కూడా రాయండి. మన ఆడవాళ్లకు 80 సెం.మీ. హద్దు. బరువు నిలిచిపోయిన నెలలో కూడా టేపు రెండు సెంటీమీటర్లు తగ్గొచ్చు.

ఉపవాసం గురించి. గ్లిమెపిరైడ్ ఉన్నంతకాలం పగలంతా ఏమీ తినకుండా ఉండొద్దు. అది ఆపేసి, డాక్టరుగారు సరేనంటే సోమవారాలు ఉండొచ్చు, నీళ్లు మాత్రం మానకూడదు. మధ్యాహ్నం పల్చటి మజ్జిగ తాగితే దోషం లేదనుకునే ఇల్లయితే ఇంకా మంచిది. నక్షత్రం చూశాక ఒకేసారి పులిహోర, గారెలు, పాయసం తింటే ఆ రాత్రి నిద్ర ఉండదు. పెసరపప్పు పులగం, పనీరో మీల్‌మేకరో చిన్న గిన్నెడు చాలు. ఇంజెక్షన్ రోజు కూడా దీన్ని చూసి ఎంచుకోండి. వేసుకున్న ఎనిమిది గంటల నుంచి మూడు రోజుల లోపల మందు రక్తంలో గరిష్ఠంగా ఉంటుంది, వికారం అప్పుడే. మంగళవారం రాత్రి వేసుకుంటే శుక్రవారానికి అది గడిచిపోతుంది, సోమవారం ఉపవాసం తేలికగా జరుగుతుంది. మంగళవారం మందు మొదలుపెట్టకూడదనే పట్టింపు ఉంటే బుధవారం. మరచిపోతే నాలుగు రోజుల్లోపు ఎప్పుడైనా వేసుకోవచ్చు, అది దాటితే ఆ వారం వదిలేసి మామూలు రోజుకు వేసుకోండి. రెండు డోసులు కలిపి ఎప్పుడూ వద్దు. నాలుగు వారాలు 2.5 అయ్యాక 5కు వెళతారు. అక్కడే బాగా తగ్గుతుంటే 7.5కు పరుగెత్తాల్సిన పనిలేదు.

మానేస్తే? చాలామందికి వస్తుంది. ఇదే కోవలోని సెమాగ్లుటైడ్ మీద చేసిన పరీక్షలో, ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. మందు ఆపాక ఆకలి పాత స్థాయికి వెళ్లిపోతుంది, ఒళ్లు మాత్రం పాత బరువునే తనదనుకుంటూ ఉంటుంది. కండ పోగొట్టుకుని తగ్గినవారికి తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే, అందుకే పైన కుర్చీ గురించి అంతసేపు చెప్పడం. రెండు నెలలకు సరిపడా డబ్బుతో దీన్ని మొదలుపెట్టొద్దు. కనీసం ఏడాది ఖర్చు లెక్క వేసుకోండి. భారం అనిపిస్తే డాక్టరుగారితో సెమాగ్లుటైడ్ సంగతి మాట్లాడండి, దాని పేటెంటు 2026 మార్చిలో ముగియడంతో చవక రకాలకు దారి ఏర్పడింది. దాని మోతాదులు వేరు, 0.25తో మొదలై 2.4 దాకా వెళతాయి. 5 మౌంజారో అంటే 5 సెమాగ్లుటైడ్ అనుకుంటే ప్రమాదం.

చివరగా కళ్లు. ఆరేళ్ల షుగరు, 8.1 అంకె ఉన్నవారిలో రెటీనా మీద మచ్చలు మొదలై ఉండొచ్చు, చూపుకు తెలియదు. షుగరు ఒక్కసారిగా దిగితే ఉన్న మచ్చలు కొంతకాలం ముదరవచ్చు. గత ఏడాదిలో చూపించుకోకపోతే మొదటి ఇంజెక్షన్‌కు ముందే కంట్లో చుక్కలు వేసి చూసే రెటీనా పరీక్ష చేయించుకోండి. చుక్కలు వేశాక కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, బండి నడపలేరు, తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి.